గ్లాసెడు నీళ్లు

"సాయంత్రం దాకా ఉండరన్నారు డాక్టర్లు," అంది కూతురు. "ఒక్క గ్లాసెడు నీళ్లు. మీలో ఎవరో ఒకరు వచ్చి తలమీద పోస్తే చాలు."

ఆదివారం ఆరాధన ముగిసి గంటంపావు అయింది. చర్చి వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని నలుగురు కూర్చున్నారు. పాస్టరు, రిటైరైన ఇంజనీరు, స్కూలు మాస్టారు, మందుల షాపాయన. సంఘ పెద్దలంటే వాళ్లే. అవుననాలన్నా కాదనాలన్నా ఆ నలుగురే.

ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది. నడిచి వెళ్లినా పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం వెళ్లాలా వద్దా అని వాళ్లు ఇంతసేపూ బైబిలు తిరగేస్తున్నారు.

విషయం చిన్నదే. ఆసుపత్రి మంచంమీదున్న ముసలాయనకి బాప్తిస్మం లేదు. పసివాడిగా ఉన్నప్పుడు తల్లి ఏదో చర్చికి ఎత్తుకెళ్లి నెత్తిన నాలుగు చుక్కలు చల్లించింది. ఈ సంఘంలో అది చెల్లదు. తెలివి వచ్చాక నమ్మి, నోటితో ఒప్పుకుని, నిండా నీళ్లలో మునగాలి. తను మునగలేదన్న ముక్క ఆయన నిన్న ఉదయం కూతురి చెయ్యి పట్టుకుని బయటపెట్టాడు.

తనే పోసేద్దామనుకుంది కూతురు. తండ్రి ఒప్పుకోలేదు. పెద్దలు వచ్చి ఇస్తేనే బాప్తిస్మం అన్నాడు. ఎంతైనా ఆయనా ఈ సంఘం మనిషే కదా.

"నలభై ఏళ్లు," అన్నాడు మాస్టారు. "నలభై ఏళ్లు మన మధ్య ఉండి, బాప్తిస్మం పొందినవాళ్లకే ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం ముట్టి, ఇప్పుడా చెప్పేది?"

"మొదట్లో అడిగేవాళ్లే లేరట పెదనాన్నా. తర్వాత చెప్పుకోడానికి సిగ్గేసిందట. ఏటికేడాది ఆ సిగ్గు పెరిగిందే కానీ తగ్గలేదు."

"దాన్ని సిగ్గనరు, మోసం అంటారు," అన్నాడు షాపాయన.

ఆమెకి ఒళ్లు మండింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, ఒకరి చేత మాట పడే రకం కాదు. కానీ తండ్రికి కావాల్సింది వీళ్ల చేతిలో ఉంది. అందుకని కోపాన్ని దిగమింగింది.

పాస్టరు సంఘం నిబంధనల పుస్తకం తీశాడు. ఇదే సంఘంలో పుట్టి పెరిగి, బైబిలు కాలేజీలో మూడేళ్లు చదివొచ్చినవాడు.

"ఏడో నిబంధన. బాప్తిస్మం ఇచ్చేవాడు తాను పొందినవాడై ఉండాలి. పొందేవాడు నిండా మునగాలి. ఈ రెంటిలో ఏది తప్పినా అది బాప్తిస్మం కాదు."

చదివి, బైబిలు మూలభాష గ్రీకులో బాప్తిస్మం అన్న మాటకి ముంచడమనే అర్థమని ఐదు నిమిషాలు వివరించాడు. ఆ సంగతి ఎవరూ కాదనలేదు.

"పోనీ ఆయన్నే ఇక్కడి బాప్తిస్మం తొట్టి దగ్గరికి తీసుకొస్తే?" అన్నాడు ఇంజనీరు.

"ఆక్సిజన్ తీస్తే రెండు నిమిషాలు కూడా బతకరు అన్నయ్యా."

"ముంచి లేపడానికి రెండు సెకన్లు చాలు కదమ్మా."

ఆ పెద్దమనిషి హాస్యమాడలేదు. నిజంగానే లెక్క వేసి చెప్పాడు.

"ప్రభువు పక్క సిలువమీద ఆఖరి ఘడియలో నమ్మిన దొంగని ఎవరు ముంచారు?" అని అడిగింది ఆమె.

"అదే నేనూ చెప్తున్నాను అక్కా," అన్నాడు పాస్టరు. "రక్షణ విశ్వాసం వల్లే. నీళ్ల వల్ల కాదు. ఆయన నమ్మారు. బాప్తిస్మం లేకపోయినా పరలోకానికి అడ్డం లేదు."

"అంత అక్కర్లేనిదైతే, గ్లాసెడు పోయడానికి మీకేం అడ్డం?"

పాస్టరు పుస్తకం మూశాడు.

"పరలోకం సంగతి నాన్నకీ తెలుసు," అంది ఆమె. "ప్రభువు ఆజ్ఞ కదా, ఒక్క పూటైనా లోబడి పోతానంటున్నారు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. నేను చూడలేకపోతున్నాను."

ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేదు. షాపాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"దాపరికం ఎందుకమ్మా. ఇది మీ నాన్నగారొక్కరితో పోయేదైతే నేనే వెళ్లి పోసేవాణ్ణి. ఒక్కరితో ఆగదు. ఆసుపత్రిలో పదిమంది చూస్తారు, సాయంత్రానికల్లా సంఘమంతా పొక్కుతుంది. రేపు అందరూ వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంటారు. ఎంతమందికని సమాధానం చెప్తాం? కొంప మునుగుతుంది."

వద్దనేవాళ్లు చేతులెత్తమన్నాడు మాస్టారు. ముగ్గురు ఎత్తారు. పాస్టరు కాసేపు పుస్తకం అట్టకేసి చూసి, తనూ ఎత్తాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి తమ్ముడు. విని, ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"పోయారు," అంది.

ఇంజనీరు గట్టిగా ఊపిరి వదిలాడు. బాధ లేదనను. బరువు దిగిన మనిషి వదిలే ఊపిరి కూడా అలాగే ఉంటుంది. మాస్టారు మినిట్స్ పుస్తకంలో అప్పటిదాకా రాసిన పేజీ చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ సంగతి నీ కడుపులోనే దాచుకో తల్లీ," అన్నాడు. "తమ్ముడికి కూడా చెప్పకు. నాన్నగారి పేరు చెడుతుంది."

"నాన్న పేరా మాస్టారూ?" అంది ఆమె, ఇందాకటి దాకా పిలిచిన వరుస వదిలేసి.

ఆమె లేచి, తలుపు తీసుకుని, ఆసుపత్రి వైపు నడిచింది.

ఆ గదిలో కూర్చున్న నలుగురితో సహా, సంఘంలో ఉన్న ఆరువందల మందినీ ఇన్నేళ్లుగా తన చేతులతో నీళ్లలో ముంచి లేపింది ఆ ముసలాయనే.