ఉయ్యాలెక్కని పిల్లలు

“శుక్రవారం దాకా చూస్తాను కొలీన్. అప్పటికీ ఒక్క పిల్ల కూడా ఉయ్యాలెక్కకపోతే ఇదంతా చదును చేయించి కార్లకి వదిలేస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు,” అన్నాడు డెన్నిస్. కెనడాలోని విన్నిపెగ్ ఉత్తరపు కొసన, ఎక్కువగా ఆదివాసీ కుటుంబాలుండే ఆ మూడు అద్దె భవనాలకీ అతనే మేనేజరు.

ఆ భవనాల మధ్య ఆటస్థలానికి రూపం గీసింది కొలీనే. మట్టి దిబ్బ పోయించి, పచ్చిక పరిపించి, దాని మీంచి జారుడుబల్ల దింపింది. చుట్టూ నేరేడు రంగులో కాసే సాస్కటూన్ పండ్ల పొదలు నాటించింది. తెరిచిన రోజు పిల్లలు చీమల్లా ముసిరారు. ఎలా ఆడుకుంటున్నారో చూద్దామని మర్నాడు ఆమె నోటుపుస్తకంతో వచ్చి కూర్చుంటే ఒక్కరూ ఇటు తొంగిచూడలేదు.

లోపమేదో కనిపెట్టి తీరాలని ఆమె పట్టుబట్టింది. రోజూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతోందో, ఏ గుమ్మంలోంచి ఎవరు బయటికొచ్చి ఎటు పోతున్నారో నోటుపుస్తకంలో రాసుకునేది. తెచ్చుకున్న రొట్టె ఒక్కతే తినేది. సాయంత్రం ఇంటికెళ్ళినా పలకరించే దిక్కులేదు. ఒక్కోరోజు తన గొంతు తానే విని ఎంతసేపయిందో గుర్తొచ్చేది కాదు.

బుధవారం ఉయ్యాల గొలుసులు కిందికి దించింది. గురువారం బెంచీని ఉయ్యాలల పక్కకి జరిపించింది. మూడో అంతస్తు కిటికీలో ఒక పాప ముఖం కనిపిస్తే ఆశగా చెయ్యి ఊపింది. వెనకనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి కర్టెన్ లాగేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒక ముసలామె కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చుంది. వెర్నా స్పెన్స్ అని పేరు చెప్పింది. మూడో అంతస్తులో కూతురితో, ముగ్గురు మనవలతో ఉంటోందట. ఇన్నాళ్ళకి ఒక మనిషి పక్కన కూర్చుందన్న సంతోషంతో కొలీన్ ఆమె వైపు జరిగింది. ఉయ్యాలలు బాగోలేవా అని అడిగింది. బాగున్నాయంది వెర్నా. దిబ్బ మరీ ఎత్తా? కాదంది. పండ్లు తియ్యగా ఉన్నాయని, కొలీన్ ఇంటికెళ్ళాక రెండుసార్లు వచ్చి కోసుకెళ్ళానని కూడా చెప్పింది.

“మరి పిల్లలెందుకు రావడం లేదమ్మా? నాకు నిజం చెప్పండి.”

వెర్నా ఒడిలో చేతులు ముడుచుకుని, కొలీన్ రాసుకుంటున్న పుస్తకం వైపు చూసింది.

“ముందు నువ్వు నిజం చెప్పమ్మాయ్,” అంది మెల్లగా. “ఈసారి ఏ తల్లి ఒళ్ళోంచి పిల్లల్ని పట్టుకుపోవాలని మీ శిశు సంక్షేమ ఆఫీసువాళ్ళు నిన్నిక్కడ కాపలా పెట్టారు?”