చెంప మీద మరక

ముసలాయన బొటనవేలు నాలుక మీద తడిపి, ఆ ఉమ్మితోనే బొమ్మ చెంప రుద్దుతున్నాడు.

గైడు అసహ్యంతో మొహం తిప్పుకుంది.

"ఛీ! ఏం పనయ్యా అది? ముట్టుకోవద్దని అంతంత అక్షరాలతో రాశారు, కనపడలేదా?"

"కనపడింది తల్లీ. చదవడమే రాదు."

"ఉమ్మితో తుడుస్తారా ఎవరైనా?"

"మరకుంటేనూ... నీళ్ల సీసా గేటు దగ్గరే పెట్టించేశారమ్మా."

మ్యూజియంలో ఆ హాలు పేరు 'మనిషి నడిచిన దారి'. ఈ చివర నిప్పు రాజేస్తున్న ఆదిమ స్త్రీ; ముసలాయన తుడుస్తున్నది ఆ బొమ్మనే. తరవాత వరసగా రైతు, నేతగాడు, మిల్లు కార్మికుడు, ఆఫీసు ఉద్యోగి. ఆ చివర అద్దాల గదిలో, తెల్లని దుస్తుల్లో రేపటి మనిషి.

"అక్కడ మొదలై ఇక్కడికి చేరాం" అని గైడు రోజూ చెప్పేది. 'అక్కడ' అన్నప్పుడు ఆమె వేలు కాస్త కిందికి వాలేది. 'ఇక్కడ' అన్నప్పుడు పైకి లేచేది.

చూడవచ్చినవాళ్లలో ఒక కళ్లజోడు పెద్దమనిషి ముసలాయన్నీ బొమ్మనీ మార్చి మార్చి చూశాడు.

"ఏం మేడం, ఇద్దరూ చుట్టాల్లా ఉన్నారే!"

అందరూ గొల్లుమన్నారు. గైడూ నవ్వింది.

విచిత్రం, ముసలాయన కూడా నవ్వాడు. ముఖం వెలిగిపోయింది.

సిగ్గూ శరమూ లేని మనిషి, అనుకుందామె.

జనం వెళ్లాక చేతులకి తొడుగులు వేసుకుని, బాత్‌రూములు కడిగే మందు గుడ్డకి పట్టించి బొమ్మ చెంప తోమింది. ఎంత తోమినా ఆమె అసహ్యం వదలలేదు. మర్నాడు మళ్లీ తోమింది.

వాచ్‌మన్‌ని పిలిచి, "ఆ ముసలాణ్ని గుమ్మం తొక్కనివ్వకు" అంది.

తొక్కనే తొక్కాడు.

"దూరంగా నిలబడతా తల్లీ. చేతులు వెనక్కి కట్టుకుంటా. ఒక్కసారి చూసి పోతా."

"ఎప్పుడూ ఆ అడవిమనిషి దగ్గరేనా? అటుపక్క రేపటి మనిషి ఉన్నాడుగా, ఆయన్ని చూడు. కాస్త బుద్ధయినా వస్తుంది."

"ఆయన్ని నేనెరగనమ్మా."

వాచ్‌మన్ రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

కొన్నాళ్లకి బొమ్మ చెంప రంగు పొలుసులుగా లేచింది. డైరెక్టరు చూసి ముక్కు చిట్లించాడు.

"ఈ వికారాన్ని తీసేయించండి. అక్కడ పెద్ద తెర పెడదాం."

బొమ్మ చేసిన శిల్పినే పిలిపించారు. ఆయన సుత్తితో పగలగొట్టి, ముక్కలు గోనెసంచిలో వేస్తున్నాడు.

"అంతా ఆ ముసలాడి ఉమ్మి వల్లే" అంది గైడు.

"ఉమ్మికి రంగు పోతుందా అమ్మా? ఇది మందు పని. గోటితో పోయేదానికి గొడ్డలి వాడారు."

ఆమె మాట మార్చింది.

"ఇలాంటిదే ఇంకోటి చెయ్యలేరా?"

"బొమ్మ చేస్తాను. ఈ ముఖం ఎలా వస్తుంది? బతికున్న మనిషి మీద తీసిన అచ్చు ఇది."

"ఎవరు?"

"ఈ హాలు కట్టేటప్పుడు ఇటుకలు మోసిన అమ్మాయి. డైరెక్టరుగారు చూసి, ఆదిమ మనిషికి ఇంతకన్నా సరైన మొహం దొరకదన్నారు."

"మరి, రేపటి మనిషికి?"

"డైరెక్టరుగారి కొడుకుది."

గైడు అసహ్యంతో మళ్లీ మొహం తిప్పుకుంది. ఈసారి ఎదురుగా ఉమ్మి లేదు.

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుందమ్మా? ఈ కప్పు వేస్తుండగానే పరంజా విరిగి, కింద పడి చనిపోయింది."

ఆమె తలెత్తి కప్పు కేసి చూసింది. నున్నగా, తెల్లగా ఉంది.

అంతలో వాచ్‌మన్ వచ్చాడు.

"మేడం, ఆ ఉమ్మి తాత మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులు ముందే వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తరిమెయ్యనా?"

శిల్పి వాచ్‌మన్ మాట పట్టించుకోలేదు. సంచి మూతి బిగిస్తూ తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు.

"పాపం, అచ్చు తీసినంతసేపూ ఊపిరాడుతుందో లేదోనని వాళ్ల నాన్న పక్కనే కూర్చున్నాడమ్మా, ఆఖర్న చెంప మీద కాస్త ప్లాస్టర్ మిగిలితే, బొటనవేలు నాలుక మీద తడిపి ఆయనే తుడిచాడు."