శుక్రవారం గిరాకీ

"ఇవాళైనా ఆ సాక్షి పేరు చెప్తారా, చెప్పరా?" కోర్టు మెట్ల మీదే నిలదీసింది నెలీదా.

"ఆ సాక్ష్యం కాగితం ఇవాళ పైకి చదివి తీరాలన్నారు జడ్జిగారు. కాస్త ఓపిక పట్టండమ్మా" అంది లాయరు మార్గోత్.

ఓపిక ఎప్పుడో అయిపోయింది. వెనిజులా నుంచి తనతోపాటు టెక్సస్ వచ్చిన ఒక్కగానొక్క కొడుకు ఎడిక్సన్‌ను, మంగలి పని చేసుకునేవాణ్ణి, ముఠా మనిషివన్నారు. యుద్ధకాలపు చట్టం కింద సంకెళ్ళు వేసి, మూడో దేశపు జైలుకు విమానమెక్కించారు. నలభై రోజులుగా వాడి గొంతు వినలేదు.

పితూరీ చెప్పింది పక్కగది ఓస్మరేనని ఆమె నమ్మకం. వాడికీ ఎడిక్సన్‌కూ పడేది కాదు. "నీ నాలుక పుచ్చిపోను" అని మొహం మీదే తిట్టింది. అయినా ఇవాళ ఆమెను తన కారులో తీసుకొచ్చి, కోర్టు హాల్లో వెనక బల్ల మీద తలవంచుకు కూర్చున్నాడు ఓస్మర్. పాపభయం అనుకుంది నెలీదా.

జడ్జి తీర్పు మొదలుపెట్టాడు. ఇక్కడ యుద్ధమేమీ లేదనీ, ఆ చట్టంతో మనుషుల్ని వెళ్ళగొట్టే అధికారం ప్రభుత్వానికి లేదనీ దుబాసీ ఆమె చెవిలో చెప్పింది. నెలీదా ఆత్రంగా లేవబోయింది.

"మరి నా బిడ్డ వచ్చేస్తాడా?"

"వాడిప్పుడు పరాయి దేశం చేతిలో ఉన్నాడమ్మా. ఈయన మాట అక్కడ చెల్లదు" అంది మార్గోత్.

నెలీదా చతికిలబడింది. అప్పుడు జడ్జి ఆజ్ఞ ప్రకారం సర్కారు వకీలు ఆ సాక్ష్యం కాగితం తీసి చదివాడు. దుబాసీ అతని మాటల్ని ఒక్కొక్కటే అప్పజెప్పింది.

"ప్రతి శుక్రవారం ముఠావాళ్ళు వాడి కొట్టుకు వచ్చేవారు. వాళ్ళకు ఊరికే క్షవరం చేసేవాడు."

నెలీదా వెనక్కి తిరిగి ఓస్మర్‌ను చూసింది. అది వెనిజులాలో, తమ సొంతూరు మరకైబోలో ఉన్ననాటి సంగతి. ఓస్మర్ ఏనాడూ ఆ ఊరు చూసినవాడు కాదు.

"అంతేనా? కింద ఇంకా ఉన్నట్టుందే" అన్నాడు జడ్జి.

వకీలు గొంతు సవరించుకున్నాడు. దుబాసీ స్వరం తగ్గింది.

"చెయ్యనంటే చంపేస్తామన్నారు. అందుకే సరిహద్దు దాటి వచ్చాం. అయ్యా, నా కొడుక్కి మీ దేశంలో ఇంత నీడ ఇవ్వండి. ఇట్లు, నెలీదా ఉర్దనేతా."