మంచం పక్కన పరీక్ష

“లాగ్‌బుక్‌లో సంతకాలు చూసి డిగ్రీలివ్వడం ఆపాలి” అంది ప్రొఫెసర్ ఝాన్సీ.

పీజీ నర్సింగ్ చదువును మార్చడానికి వేసిన కమిటీ నిజామాబాద్‌లో సమావేశమైంది. ఐసీయూ నర్సు కావాలంటే ఆరు నెలలు ఐసీయూలోనే పనిచేయాలి. పరీక్ష రోగి మంచం పక్కనే పెట్టాలి. ఇదీ ఆమె వాదన.

“మీకెందుకు మేడం ఇంత పట్టుదల?” అన్నాడు ఓ కాలేజీ యజమాని.

ఝాన్సీ ఎదుటి లాగ్‌బుక్ మూసి పక్కకు నెట్టింది.

పదిహేనేళ్ల కిందట ఎమ్మెస్సీలో ఆమెదే ఫస్టు ర్యాంకు. లాగ్‌బుక్‌లోని ఐసీయూ గంటలన్నీ బోధన్ దగ్గర పుట్టింట్లో కూర్చుని రాసినవే. ఉద్యోగంలో చేరిన నెలకే, వెంటిలేటర్ మీదున్న వేల్పూర్ రైతు నర్సన్నకు గొట్టంలో కఫం అడ్డుపడింది. అలారం మోగింది. మెషిన్‌లోనే ఏదో లోపం అనుకుంది ఝాన్సీ. అలారం ఆపేసింది.

డాక్టరు వచ్చేసరికి నర్సన్న లేడు. గుండె ఆగి పోయాడని ఝాన్సీ రికార్డులో రాసింది. ఎవరూ అడగలేదు.

నర్సన్న భార్య వసంతమ్మ మాత్రం ఏటా వస్తుంది. చేను పసుపు సంచిలో పోసుకుని తెస్తుంది.

“ఆయన నీ చేతులల్లనే పోయిండు బిడ్డా. యాది మరువకు” అంటుంది.

ఆ పసుపు ఒక్కనాడూ ఝాన్సీ వంటింట్లోకి పోలేదు.

చివరికి కమిటీ ఒప్పుకుంది. కొత్త పద్ధతి మొదలైన ఏడాది వసంతమ్మ తన కూతురిని వెంటబెట్టుకొచ్చింది. బీఎస్సీ నర్సింగ్ అయిన పిల్ల.

“మా దీక్షిత. ఎమ్మెస్సీ నీ దగ్గర్నే సదవాలె. మంచిగ నేర్పు.”

ఆ నమ్మకం ఝాన్సీని కోసేసింది. రెండేళ్లూ ఆ పిల్ల ముఖంలోకి సూటిగా చూడలేకపోయింది. కానీ తెలిసిందేదీ దాచుకోకుండా నేర్పింది.

పరీక్ష నాడు, దీక్షిత నిలబడ్డ మంచం దగ్గరే అలారం మోగింది. దీక్షిత మెషిన్ మీద చెయ్యి వేయలేదు. ముందు రోగి ఛాతీ చూసింది. గొట్టంలో కఫం లాగేసింది. నిమిషంలో అలారం దానంతటదే ఆగింది.

పరీక్ష అయ్యాక ఝాన్సీ దీక్షితను బయటికి పిలిచింది. వరండాలోకి వచ్చాక ఇక ఆగలేకపోయింది.

“దీక్షితా... మీ నాన్న పోయింది గుండె ఆగి కాదమ్మా. ఆ రోజు నేనే...”

దీక్షిత గ్లవ్స్ తీసేస్తూ మెల్లగా అంది.

“అమ్మకు ఎరుకే మేడం, మీరు అలారం బందు పెట్టంగ ఐసీయూ అద్దంలకెల్లి చూసింది, గా తప్పు మరువనోళ్లే మంచిగ నేర్పుతరని నన్ను మీ దగ్గరికే తోలింది.”