నలభై నిమిషాల పని

"ఈ ప్రోగ్రాముని బాగుచెయ్యకమ్మా," అన్నాడు గౌరీశంకర్.

మౌస్ మీద ఉన్న కీర్తి చెయ్యి ఆగిపోయింది. ఐదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తోంది. త్వరగా బాగుచెయ్యమని ప్రాణం తీసేవాళ్లనే చూసింది గానీ, వద్దని బతిమాలే మనిషిని చూడటం ఇదే మొదలు. పైగా ఈయన చిన్నపిల్లాడేం కాదు. నలభై ఐదేళ్లవాడు, చోడవరంలో చెరుకు రైతుల సంఘం ఆఫీసు గుమస్తా.

ఆ ప్రోగ్రాము చేసే పని చిన్నదే. మర్నాడు ఎవరెవరి చెరుకు నరకాలో రోజూ ఒంటిగంటకి లెక్కగట్టి, కటింగ్ ఆర్డర్లు తయారుచేస్తుంది. కానీ మొదలుపెట్టగానే తెర తెల్లబడిపోతుంది. ఏది నొక్కినా ఉలకదు, పలకదు. నలభై నిమిషాలు అలా బిగుసుకుపోయి, తర్వాత ఉన్నట్టుండి ఆర్డర్లన్నీ బయటపెడుతుంది. రైతులు మూడింటికి గానీ రారు కాబట్టి గౌరీశంకర్‌కి తొందరేం లేదు, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కిందటి వారం మాత్రం ఆఫీసరుగారు ఆ తెల్లతెర చూసి, ఇది చచ్చిందనుకుని మధ్యలో మూసేశారు. ఆ రోజు ఆర్డర్లన్నీ గల్లంతయ్యాయి. అందుకే అనకాపల్లి నుంచి కీర్తిని పిలిపించారు.

ఎందుకు వద్దంటున్నారని కీర్తి అడిగింది. గౌరీశంకర్ పక్కగది గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

పక్కగదిలో రేవతి ఉంటుంది. రైతుల జాబితా ఎక్కించేది ఆవిడే. జాబితా ఆవిడ కంప్యూటర్లోనే ఉంటుంది, ఈ ప్రోగ్రాము అక్కణ్ణుంచే తెచ్చుకుంటుంది. ఇక్కడ తెర తెల్లబడగానే ఆవిడ క్యారేజీ పట్టుకుని వచ్చి, మళ్లీ ఆగిపోయిందా అంటూ ఎదురు కుర్చీలో కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి అన్నం తింటారు. ఆవిడ తెచ్చిన కూరలో సగం ఈయన కంచంలోకి వెళ్లిపోతుంది. ఒంటిగంటా ముప్ఫై ఐదుకి ఆవిడ లేచి తన గదిలోకి వెళ్తుంది, కాసేపటికి ఆర్డర్లు వస్తాయి. మూడు సీజన్లుగా ఇదే వరస. ఆవిడా ఒంటరిదే, ఈయనా ఒంటరివాడే. చెప్పాలనుకున్న మాట మాత్రం రోజూ నాలుక చివరిదాకా వచ్చి, పప్పన్నంతో పాటు లోపలికి పోతోందట.

"మరి అడిగెయ్యొచ్చు కదండీ?" అంది కీర్తి.

"అడిగితే, ఆవిడ కాదందనుకో? ఈ నలబై నిమిషాలూ కూడా పోతాయి కదమ్మా."

కీర్తికి మనసు అదోలా అయిపోయింది. అయ్యో పాపం అనుకుంది. అలాగని ఆఫీసరుగారికి ఏం చెబుతుంది? సాయంత్రానికల్లా అయిపోవాలని ఆయన గట్టిగా చెప్పి వెళ్లారు. నెమ్మదిగానే ఉంచుతాను గానీ తెర మాత్రం తెల్లబడకుండా చేస్తానంది. పని వెనకాల జరుగుతూ ఉంటుంది, ముందు సెకన్లు తిరుగుతుంటాయి, ఇప్పుడేం జరుగుతోందో తెర మీద రాసి చూపిస్తుంది, అంతే అని నచ్చజెప్పింది.

"సెకన్లు తిరుగుతుంటే, ఆగిపోయిందా అని అడగడానికి ఆవిడెందుకొస్తాది?" అన్నాడు గౌరీశంకర్.

కీర్తి మళ్లీ కీబోర్డు మీదకి వంగింది.

ఆమెకి ఒక సంగతి అంతుపట్టడం లేదు. పొద్దున్నే, రేవతి ఇంకా రాకముందు, ఆవిడ కంప్యూటర్ కూడా ఆన్ చేయించి ప్రోగ్రాముని నడిపి చూసింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అదే యంత్రం, అదే జాబితా. మరి మధ్యాహ్నం మాత్రం నలభై ఎందుకు పడుతోంది? మిగతా ముప్ఫై ఆరు నిమిషాలూ ఎవరు మింగుతున్నారో తేలాలని, ప్రతి పనికీ ముందూ వెనకా టైము రాసుకునేలా మార్చింది.

ఒంటిగంటకి మొదలుపెట్టారు. తెర తెల్లబడలేదు. సెకన్లు చకచకా తిరుగుతున్నాయి.

రేవతి క్యారేజీతో గుమ్మంలోకి వచ్చి, తెర వైపు చూసి ఆగిపోయింది. బాగైపోయిందా అని అడిగింది. ఇక ఆగిపోదండీ అని కీర్తి చెప్పేసింది, చెప్పాక నాలుక కరుచుకుంది. మంచిదేనంటూ రేవతి వెనక్కి తిరిగింది. గౌరీశంకర్ తలెత్తి చూడలేదు. టిఫిన్ డబ్బా సొరుగులోంచి తియ్యనూ లేదు. ఆ మనిషి ముఖం చూడలేక కీర్తి తెర వైపు తిరిగింది.

మొదటి పని రెండు సెకన్లలో అయిపోయింది. రెండో పని మాత్రం కదలడం లేదు. ఐదు నిమిషాలయ్యాయి. పది నిమిషాలయ్యాయి. కింద ఒక వరుస కనిపించింది: జాబితా రేవతి కంప్యూటర్లో తెరిచి ఉంది, మూసేవరకు ఆగాలి.

ఓస్, ఇంతేనా అనుకుంది కీర్తి. జాబితా మూయడం మరిచిపోయి ఆవిడ భోజనానికి వచ్చేస్తోంది. మళ్లీ వెళ్లి మూసేదాకా ఇక్కడిది బిగుసుకుపోతోంది. ఇంత చిన్న పొరపాటుకి మూడు సీజన్లుగా అందరూ ప్రోగ్రాముని తిడుతున్నారు. చెప్పేద్దామని లేచి పక్కగదిలోకి వెళ్లింది.

రేవతి ముందు క్యారేజీ విప్పకుండానే ఉంది. తెర మీద జాబితా తెరిచి ఉంది. ఆవిడ చెయ్యి కీబోర్డు మీద లేదు, చెంప కింద ఉంది.

"ఆ జాబితా ఒక్కటీ మూసేస్తే చాలండీ," అంది కీర్తి. "ఆయన పని నాలుగు నిమిషాల్లో అయిపోతుంది."

రేవతి తల దించుకుని, మెల్లగా అంది.

"తెలుసమ్మా. మూడు సీజన్లై తెలిసే తెరిసి వదిలేస్తన్నాను."