ఆరు కాళ్ల స్విచ్చు

"ఆ పాత డిస్కు ఇవాళ పీకేస్తున్నాను నాన్నా. ఇక నా వల్ల కాదు," అంది కూతురు. కంప్యూటరు పెట్టె పక్క రేకు అప్పటికే ఊడదీసి గోడకి ఆనించింది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

ఇంటి ముందు గదిలో ఆమె పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు టైపు చేసి అచ్చుకి పంపిస్తుంది. వెనక గదిలో తండ్రి మోటార్లకూ ఫ్యాన్లకూ రాగితీగ చుడతాడు. ముందు గది పని అంతకుముందు తల్లిది. ఆమె పోయి రెండేళ్లు.

తండ్రి చేతిలో తీగ వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు.

"అదేం చేసింది నిన్ను?"

"ఏం చేసిందా? పెట్టె ఆన్ చేస్తే చాలు, కిర్రు కిర్రు. మధ్యలో టకటక. నిన్న ఒకాయన 'లోపల ఎలకల్ని గానీ పెంచుతున్నారా అమ్మా' అని అడిగాడు. అమ్మ ఎట్లా భరించిందో గానీ. భోజనం కాగానే కూర్చుంటే నాలుగింటి టీకి తప్ప లేచేది కాదు."

"అది మీ అమ్మది."

"తెలుసు. అమ్మ రాసిందంతా కొత్త డిస్కులోకి ఎక్కించేశాను. ఒక్క అక్షరం పోలేదు. చూపించనా?"

"వద్దు. పీకకు."

"బేరింగు అరిగిపోయిన ఫ్యాను నీ దగ్గరికొస్తే ఊరుకుంటావా? దీన్ని మాత్రం నేను నెత్తిన పెట్టుకోవాలా? మధ్యాహ్నం పాత సామాన్లవాడు వస్తాడు. ఇచ్చేస్తా."

తండ్రి వంగి పెట్టెలోకి చూశాడు. మామూలుగానే మాట పొదుపు మనిషి.

"చప్పుడు రాకపోతే ఉంచుతావా?" అన్నాడు చివరికి.

"రాకుండా ఎట్లా?"

"స్విచ్చు పెడతా. కావాల్సినప్పుడే దానికి కరెంటు."

కూతురికి నవ్వొచ్చింది. "నువ్వా? ఈ పెట్టె మూత ఎన్నడైనా తీశావా?"

"పెట్టె ఏదైతేనేం. కరెంటు కరెంటే."

సరేనని ఆమె లోపల చూపించింది. డిస్కుకి నాలుగు సన్న తీగలు వస్తున్నాయి. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, మధ్యలో రెండు నలుపు.

"పసుపుది పన్నెండు వోల్టులు, ఎరుపుది అయిదు. నలుపు జోలికి పోకు. ఇదిగో, ఈ వెడల్పు పట్టీ తీగ ఉంది చూశావా, ఇది కరెంటుది కాదు. డిస్కులో రాసిందంతా కంప్యూటరుకి చేరేది దీంట్లోంచే."

"ఊఁ. పసుపు, ఎరుపు ఒక్క దెబ్బకి ఆగాలి. ఒకటి ఆగి ఒకటి ఆగకపోతే సగం ప్రాణంతో కొట్టుకుంటుంది."

వెనక గదిలో రేకు డబ్బా తిరగేసి, ఏనాటిదో స్టెబిలైజరులోంచి తీసిన ఆరు కాళ్ల స్విచ్చు పట్టుకొచ్చాడు. రెండు తీగల్నీ ఒకేసారి కలిపి ఒకేసారి విడదీసే రకం. పసుపు, ఎరుపు కోసి, కొసలు గీకి, పొడుగు తీగలు కలిపి టంకం పెట్టి, తొడుగులు ఎక్కించాడు. తీగల్ని గోడ వెంబడి మేకులు కొట్టుకుంటూ వెనక గదిలోకి లాక్కెళ్లి, స్విచ్చుని తన బల్ల అంచుకి బిగించాడు.

"అక్కడ పెడితే నాకెట్లా అందుతుంది నాన్నా?"

"నీకెందుకు? నీకు చప్పుడు పడదుగా."

"బాగానే ఉంది సంబడం. ఒక్క మాట విను. కంప్యూటరు నడుస్తుండగా మాత్రం ముట్టుకోకు. మధ్యలో డిస్కు మేలుకుంటే మొత్తం బిగుసుకుపోతుంది. నా పనంతా మట్టిగొట్టుకుపోతుంది."

"ఊఁ."

"ఊఁ కాదు, నోరు తెరిచి చెప్పు."

"ఊఁ అన్నాను కదే. నువ్వెళ్లు, రేకు నేను బిగిస్తా."

ఆ మధ్యాహ్నం పాత సామాన్లవాడు పాత కాగితాల కట్ట ఒక్కటే తీసుకుని వెళ్లిపోయాడు.

వారం రోజులు ముందు గది ప్రశాంతంగా ఉంది. తను ఉన్నంతసేపూ కూతురికి ఎలకలూ లేవు, తలనొప్పీ లేదు.

ఎనిమిదో రోజు మూడొందల పేజీల పుస్తకం పని తగిలింది. పేజీలన్నీ వాటంతటవే సర్దుకునేలా కంప్యూటరుకి అప్పగించి, మూడింటికి కాగితాల కొట్టుకి బయల్దేరింది. గంట పడుతుందనుకుంది. కొట్టు మూసి ఉంది. అరగంటలో వెనక్కి వచ్చింది.

మెట్లెక్కుతుండగా వినపడింది. కిర్రు కిర్రు. టకటక.

చెప్పులు గుమ్మంలోనే వదిలేసింది.

"నాన్నా! ఎంత చెప్పాను నీకు!" అంటూ లోపలికి పరిగెత్తింది.

తెర మీద పేజీలు కదులుతూనే ఉన్నాయి. రెండొందల పది. రెండొందల పదకొండు. ఏదీ బిగుసుకుపోలేదు.

నమ్మలేక పక్క రేకు విప్పి చూసింది. పాత డిస్కు వెచ్చగా తిరుగుతోంది. పట్టీ తీగ మాత్రం దానికి తగిలించి లేదు. జాగ్రత్తగా మడిచి, మోటారు పనికి వాడే తెల్ల దారంతో ఓ పక్కకి కట్టేసి ఉంది.

ఊపిరి పీల్చుకుని వెనక గదిలోకి నడిచింది. తండ్రి అటు తిరిగి తీగ చుడుతున్నాడు. మూలనున్న పొయ్యి పక్కన కడిగిన టీ గ్లాసులు రెండున్నాయి. కూతురు టీ తాగదు.

"ఇంతకీ పట్టీ తీగ తిరిగి పెట్టడం మర్చిపోయావు నాన్నా. అది లేకపోతే అమ్మ రాసింది ఒక్క ముక్క కూడా కనపడదు."

"మర్చిపోలేదు. కనపడక్కర్లేదు."

"మరి వట్టిగా తిరగడం దేనికి? ఆపేస్తున్నా," అని స్విచ్చు మీదికి చెయ్యి చాపింది.

తండ్రి తల ఎత్తలేదు. చుట్టే చెయ్యి మాత్రం ఆగింది. ముందు గదిలోంచి చప్పుడు సాగుతూనే ఉంది.

"ఆపకమ్మా. ఇంకా నాలుగు కాలేదు. మీ అమ్మ పనిలో ఉంది."