ఒళ్ళో పట్టినంత

"చింతపండు తెమలకుండా నేను గడప దాటలేనండీ. ఎన్నిసార్లు చెప్పాలి?" దుర్గాంబ గొంతు పెంచింది.

"నువ్వు తెమిలేలోపు మా అక్క కాలు అతుక్కుని, తనే ఇంటికి నడిచొస్తుంది," అన్నాడు వీరరాఘవయ్య.

"అయితే మీరే వెళ్ళి కూచోండి."

"ఆడవాళ్ళ వార్డులో నేనేం కూచోను?"

నందిగామ ఆసుపత్రిలో ఉన్న రత్తమ్మ గురించి, జగ్గయ్యపేటలోని ఆ ఇంట్లో రోజూ ఇదే వాదన.

అరుగు మీద చింతపండు గుట్ట. చూస్తేనే దుర్గాంబకు నీరసం వచ్చేది. ముట్టుకోకుండానే రేపటికి వాయిదా వేసేది. దాంతోపాటే నందిగామ ప్రయాణమూ.

ఒక పూట ఎవరో పెద్దావిడ, గళ్ళగుడ్డలో కట్టిన ఇత్తడి కేరేజీతో అరుగు దగ్గర ఆగింది.

"బస్సొచ్చేదాకా కూచోనా అమ్మా? ఊరికే ఎందుకు, కాసిని గింజలు తీసిపెడతా."

"ఈ కొండ ఎప్పటికి కరుగుద్దమ్మా!"

"కొండని చూడకండి. ఒళ్ళో పట్టినంత పోసుకోండి. దాన్నే చూడండి."

అప్పట్నుంచి రోజూ వచ్చింది. పేరు బసవమ్మ అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. గుట్ట సగమైంది.

"అత్తయ్యా, గింజలే తీస్తోందా, పండు కూడా తీసుకెళ్తోందా?" అంది కోడలు కమలాకుమారి.

మర్నాడు దుర్గాంబ అడగనే అడిగింది.

"ఆ కేరేజీ ఒకసారి విప్పమ్మా."

బసవమ్మ విప్పింది. జావ. పై గిన్నెలో ఒక నిమ్మకాయ బద్ద.

మళ్ళీ మూట కట్టుకుంది. ఒళ్ళో పీచు దులుపుకుని, రోడ్డు పక్కకెళ్ళి ఎండలో నిలబడింది.

ఆ తర్వాత అరుగెక్కలేదు.

మిగిలిన గుట్ట ముందు దుర్గాంబ చాలాసేపు నిలబడింది. చివరికి కూచుని, ఒళ్ళో పట్టినంత పోసుకుంది. అది అయ్యాక ఇంకో ఒళ్ళెడు. అలా అలా, గుట్ట అడుగున చాప కనిపించింది.

నందిగామ బస్సెక్కింది.

రత్తమ్మ బాగా చిక్కిపోయింది. మరదల్ని చూసి నవ్వింది.

"అయిందా దుర్గా, చింతపండు? అదయ్యాకే వస్తావని తమ్ముడు కబురు చేశాడుగా."

జవాబు చెప్పబోయిన దుర్గాంబ ఆగిపోయింది. మంచం కింద గళ్ళగుడ్డ. దాని మీద ఇత్తడి కేరేజీ.

"ఇది..."

"మా బసవమ్మది. పొద్దున్నే వచ్చి పెట్టి వెళ్ళింది."

ఆవిడ సంగతంతా రత్తమ్మ చెబుతుంటే దుర్గాంబ మళ్ళీ తలెత్తలేకపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కోడలు కంచాలు పెడుతోంది. దుర్గాంబ లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. చేతిలో కడిగిన కేరేజీ.

"అదెవరిదే?" అన్నాడు వీరరాఘవయ్య.

"బసవమ్మది. పక్కమంచంలో ఉన్న తన చెల్లెలు పోయినా, మీ అక్కకెవరూ రావట్లేదని రోజూ జావ తెచ్చి తాగించింది ఆవిడే."

కమలాకుమారి చేతిలో కంచం అలాగే ఉండిపోయింది.

దుర్గాంబ మెల్లగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"రేపట్నించి వదిన దగ్గర నేనుంటా. ఇప్పుడు బసవమ్మ ఇంటికి వెళ్తున్నా."

"పొద్దు పోయింది. రేపు వెళ్ళొచ్చుగా?"

"రేపు కాదండీ. చింతపండు తెమిలితేగాని నేను కదలనని వదిన నోట విని, ఆవిడ మన అరుగెక్కి గింజలు తీసింది... నన్ను బస్సెక్కించటానికి."